చేతికి కట్టిన పసుపుకొమ్ము

నాకు నోరెక్కువ. మా అమ్మ ఈ మాట తిట్టుగా అనేది, మా నాయన గొప్పగా చెప్పుకునేవాడు. తమిళనాట రాజపాళయం ఆస్పత్రిలో కాన్పులు చేసే పని నేర్చుకోవడానికి చేరిన మొదటి నెలలోనే తోటిపిల్లలు ఆ నోటిని చూసి నన్ను లీడరుగా నిలబెట్టారు. అరవైల మొదట్లో మాట ఇది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. తళవాయిపురం నుంచి ఒంటరిగా బస్సెక్కి రావడం అదే మొదలు.

మొత్తం ఎనిమిది మందిమి. ఆస్పత్రి వెనక పెంకుల కప్పు కింద పొడవాటి గది, ఎనిమిది మంచాలు, ఎనిమిది రేకుపెట్టెలు. లీడర్లు ఇద్దరుండాలని పెద్ద సిస్టరు నియమం. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరుంటారని ఆవిడ ఉద్దేశం. మా ఉద్దేశం వేరు. ఒకరు మాట్లాడాలి, ఒకరు అర్జీ రాయాలి. మాట్లాడేది నేను. రాసేది సేత్తూరు నుంచి వచ్చిన అక్క.

ఇప్పటికీ అక్క అనే అంటాను. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మాలాగే సేద్యం చేసుకునే తెలుగింటి పిల్లే గానీ బడిలో అరవం బాగా చదువుకుంది, అక్షరాలు ముత్యాల్లా రాసేది. పదహారో ఏట పెళ్ళయింది. ఏడాది తిరక్కుండా భర్త జ్వరంతో పోయాడు. ఆ తర్వాత అన్న ఇల్లు, పత్తి చేను, పశువుల పేడ, వదిన మాటలు. ఈ చదువు సంగతి ఎవరో చెబితే అన్న కాళ్ళావేళ్ళా పడి వచ్చింది. పరీక్ష పాసయితే నీ బతుకు నీది, తప్పితే తిరిగొచ్చి చేనికి పో అని చెప్పి పంపాడట. ఆమె ఆ మాట నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మా యూనిఫారం తెల్లచీర. ఆదివారం వస్తే ఏడుగురం రంగుచీరలు కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని ఒకళ్ళని చూసి ఒకళ్ళం మురిసిపోయేవాళ్ళం. అక్కకి ఆదివారం కూడా తెల్లచీరే. నుదుట బొట్టు ఉండదు. సోమవారం వస్తే నాకు హాయిగా ఉంటుంది, అందరూ నాలాగే ఉంటారు అని ఒకసారి నాతో అంది. పూలు పెట్టుకోని ఆ మనిషే ఆదివారం పూట మా ఏడుగురికీ జడలు వేసేది. నా జుట్టు ఉంగరాలు తిరిగి దువ్వెనకు లొంగదు. ఓపికగా పాయలు తీసి, నొప్పి తెలియకుండా అల్లేది. ఆ వేళ్ళు సన్నగా పొడుగ్గా ఉండేవి. నిండు చూలాలి కడుపు మీద ఆ చెయ్యి ఒక్కసారి ఆనిస్తే చాలు, బిడ్డ వీపు ఏ పక్కనుందో చెప్పేసేది. పెద్ద సిస్టరు గొట్టం పెట్టి విని, నిజమే అనేది. నాకు ఆ విద్య పట్టుబడడానికి ఏడాది పట్టింది.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. లీడర్లమయ్యాక మేమిద్దరం అడగడం మొదలుపెట్టాం. మొదటి అర్జీ శుక్రవారం తలకు పోసుకోవడానికి వేణ్ణీళ్ళ కోసం. రెండోది హాస్టలు సాంబారు గురించి. సాంబారులో పప్పు కంటికి కనబడాలి అని రాయమన్నాను. అక్క అలా రాయలేదు. పిల్లలకు సత్తువైన భోజనం పెట్టాలని వేడుకుంటున్నాము అని మర్యాదగా మార్చింది. రెండూ దక్కాయి. వేణ్ణీళ్ళు నిలిచాయి. పప్పు మాత్రం ఒక వారం కనబడి మళ్ళీ మునిగిపోయింది.

అసలు కష్టం రెండో ఏడాది వచ్చింది. పరీక్షకు కూర్చోవాలంటే ఒక్కొక్కరం ఇళ్ళకు వెళ్ళి పది కాన్పులు సొంత చేత్తో చేసి ఉండాలి. చేసిన ప్రతిదీ కేసు పుస్తకంలో రాసి, వెంట వచ్చిన సిస్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. పది లేకపోతే పరీక్ష లేదు. ఆ రోజుల్లో ఆస్పత్రికి వచ్చి కనేవాళ్ళు తక్కువ. కాన్పులన్నీ ఇళ్ళల్లోనే. సంచి మోసుకుని సిస్టరు వెంట మేము వెళితే, ఇంటి పెద్దావిడ గడప దగ్గర నిలబడి ముందు మా మెడలు చూసేది. మెడలో తాళి లేని పిల్ల అక్కడే ఆగిపోవాలి.

మా తెలుగు ఇళ్ళల్లో ఆ పట్టింపు మరీ ఎక్కువ. పెళ్ళికాని పిల్ల పురిటి గదిలోకి పోకూడదు. ఆ నొప్పులు చూసి జడుసుకుని రేపు పెళ్ళే వద్దంటుందని కొందరంటారు. కన్నెపిల్ల ముందు కనడానికి తల్లికి సిగ్గు, ఆ సిగ్గుకు బిడ్డ లోపలే నిలిచిపోతుందని ఇంకొందరు. సిస్టరు ఒక్కతే లోపల పని చేసేది. మేము అరుగు మీద కూర్చుని, సత్రపట్టి నుంచి వచ్చే పల్చటి తెల్లబట్టను ముక్కలు కోసి మడతపెట్టేవాళ్ళం. ఆ మడతల్లో ఎనిమిది మందిమీ ఆరితేరాం. పరీక్షలో ఆ ప్రశ్న రాదు.

అక్క సంగతి మాకంటే కష్టం. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేది. బిడ్డ పుట్టే చోట భర్త పోయిన మనిషి ఎదురుపడకూడదని ఆమెను అరుగు మీద కూడా కూర్చోనివ్వని ఇళ్ళున్నాయి. ఎండలో వీధిలో నిలబడేది. పరీక్ష ఇంకో ఆరు నెలలుందనగా నా పుస్తకంలో రెండు కేసులు, ఆమె పుస్తకంలో ఒకటి. అవి కూడా మిల్లు లైన్లలో చేసినవి. మిల్లు కూలీలు ఉండే ఆ వరస ఇళ్ళల్లో ఎవరూ ఎవరి మెడా చూసేవాళ్ళు కారు.

అర్జీ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆస్పత్రి నా చేతిలో ఉంది గానీ ఊరు నా చేతిలో లేదు, ఊరు ఎవరి మాట వింటుందో వాళ్ళనే అడగండి అంది. ఎవరి మాట వింటుందో మాకు తెలుసు. రాజుల వీధిలో ఒక పెద్దమ్మ ఉండేది. కొడుకులకు మిల్లు, మామిడితోటలు. ఎవరింట్లో పెళ్ళయినా పురుడైనా ఆచారం ఏమిటని ఆవిడకే కబురు పోయేది. ఆవిడ సరే అంటే ఊళ్ళో ఆడవాళ్ళందరూ సరే అన్నట్టే.

పెద్దమ్మకు కాగితాలు పనికిరావు, ఈసారి భారమంతా నా నోటి మీదే. అక్క నాలుగు రోజులు నాకు పాఠం చెప్పింది. ముందు మన ఊరూ ఇంటివాళ్ళనూ చెప్పుకో. సిస్టరు ఒక్కతే ఒకేసారి రెండిళ్ళకు పోలేదని చెప్పు. రేపు మీ మనవరాళ్ళకు చేతనైన మనుషులు కావాలి గదా అని చెప్పు. అన్నిటికంటే ముఖ్యం, ఎనిమిది మందిమి అని చెప్పు, ఎనిమిది అనే మాట మరిచిపోకు అంది.

పొద్దున పదింటికి వెళ్ళాం. వాకిట్లో తెల్లకుక్క లేచి నిలబడితే నేను అక్క వెనక్కి జరిగాను. అక్కే నా చెయ్యి పట్టుకుని దాటించింది. పెద్దమ్మ హాలులో చాప మీద కూర్చుని వక్క కత్తిరిస్తోంది. నేర్చుకున్నదంతా పొల్లుపోకుండా చెప్పాను. ఎనిమిది మందిమి అని కూడా చెప్పాను. ఆవిడ కత్తిరించడం ఆపకుండా విన్నది. మధ్యలో రెండు ప్రశ్నలు వేసింది, రెంటికీ జవాబు చెప్పాను. చివరికి అడకత్తెర కింద పెట్టింది.

"కన్నెపిల్లగా లోపలికి పోతేనే గదా తప్పు. కంకణం కట్టినాక పిల్ల పెండ్లికూతురు. పెండ్లికూతురు ఏ రూములోకైనా పోవచ్చు. కాన్పుకి వచ్చేటప్పుడు చేతికి పసుపుకొమ్ము కట్టుకోని రాండి, పని అయినాక విప్పేసుకోండి. నేను చెప్పినానని అందరికీ చెప్పండి."

పెళ్ళికి ముందు పెళ్ళికూతురి చేతికి కట్టే కంకణాన్ని ఆవిడ మాకు తాళంచెవిగా ఇచ్చింది. ఆచారం చెడకుండా ఆచారాన్ని దాటించే ఆ తెలివికి నాకు దణ్ణం పెట్టాలనిపించింది. అక్కడికక్కడే పళ్ళెంలో పసుపుకొమ్ములు, పసుపు పూసిన దారం తెప్పించింది. నన్ను చెయ్యి చాపమంది. మూడు ముళ్ళు వేసి కట్టింది.

తర్వాత ఇంకో కొమ్ము తీసి అక్క వైపు తిరిగింది. నుదురు చూసింది. చేతిలో కొమ్ము కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని పళ్ళెంలో పెట్టేసి, పళ్ళెం పక్కకు జరిపి, మీ వైపు వానలు బాగా పడినాయా అని నన్ను అడిగింది.

బాగానే పడినాయి పెద్దమ్మా అని చెప్పాను.

నాకు నోరెక్కువ అన్నాను గదా. ఆ నోటితో ఆ రోజు వానల గురించి చెప్పాను. ఏ చెరువు నిండిందో, ఏ చేనికి నీళ్ళు చాలలేదో కూడా చెప్పాను. అక్క నా పక్కనే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీధిలోకి వచ్చాక, బాగా మాట్లాడినావు అని మాత్రం అంది.

హాస్టలులో పండగ చేసుకున్నారు. నా చెయ్యి పట్టుకుని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చూశారు. అక్క చెయ్యి ఏదీ అని ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండడం కూడా చూసి నేర్చుకుంటారు మనుషులు. ఆ వారం నుంచే తలుపులు తెరుచుకున్నాయి. కేసుకు పోయే ముందు సంచిలో కత్తెర, దారం, రబ్బరుగుడ్డతో పాటు పసుపుకొమ్ము కూడా సర్దేవాళ్ళం. మాలో ఒక పిల్ల విప్పడం మరిచిపోయి ఆదివారం అలాగే ఇంటికి పోయింది. చేతికి కంకణం చూసి, చెప్పకుండా ఎవడినో కట్టుకోబోతోందని వాళ్ళమ్మ వీధిలోకి వచ్చి ఏడ్చింది. పెద్ద సిస్టరు స్వయంగా వెళ్ళి నచ్చచెప్పాల్సి వచ్చింది. నెల రోజులు దాన్ని పెళ్ళికూతురా అనే పిలిచాం. అక్క కూడా పిలిచింది.

ఇల్లలకగానే పండగ కాదని నాకు నెమ్మదిగా తెలిసింది. మూడు నెలలకు నా పుస్తకంలో ఎనిమిది కేసులు. అక్క పుస్తకంలో నాలుగు. ఆమెకు మిల్లు లైన్లే దిక్కు, అక్కడ ఆమె కోసం కాన్పులు వరసగా వస్తాయా? నా కేసు ఒకటి నీ పుస్తకంలో రాసుకో, సిస్టరును నేను ఒప్పిస్తాను అన్నాను. నేను పట్టని బిడ్డను పట్టినానని ఎట్లా రాసేది అంది.

ఒకరోజు మధ్యాహ్నం తట్టుకోలేక గదిలో అందరి ముందూ చెప్పేశాను. పెద్దమ్మ దగ్గరికి మళ్ళీ పోతాను, ఈ దారం ఆవిడ ముందు పెట్టి, పోతే ఎనిమిది మందిమి పోతాం, లేకపోతే ఎవరమూ పోము అని చెప్పేస్తాను అన్నాను. ఒకతి లేచి, ఒక్కరి కోసం ఏడుగురి నోట్లో మన్ను కొడతావా అంది. ఇంకొకతి ఏడుపు మొదలుపెట్టింది, ఆమెకు ఇంకా ఐదు కావాలి. నేను లీడరును. ఎవరి లీడరునో నాకే తెలియలేదు.

సాయంత్రం మిల్లు సైరను మోగే వేళకు అక్క నన్ను బావి దగ్గరికి పిలిచింది.

"ఒద్దు. నేనూ లీడరే గదా. ఏడుగురికి తెరిచిన తలుపు, నా కోసం మూసేది ఒద్దు. నా సంగతి నేను చూసుకుంటాను, నువ్వు దిగులుపడొద్దు."

అట్లా ఎట్లా అక్కా అన్నాను ఒకసారి. ఆమె మళ్ళీ ఒద్దంది. నేను రెండోసారి అనలేదు. ఇప్పుడు నిజం చెప్పుకుంటే సిగ్గు లేదు. ఆమె ఒద్దనగానే నా గుండె తేలికపడింది. నాకింకా రెండు కేసులు కావాలి, ఆ రెండూ నాకు దొరుకుతాయి. ఆమె నా కోసం ఒద్దంటోందని తెలిసే, ఆ మాటను పట్టుకుని తప్పించుకున్నాను.

పరీక్ష నాటికి అక్కకు ఏడు కేసులయ్యాయి. చేతులు చూసి మార్కులు వేస్తే ఆమే మొదటిది. ఈ ఒక్క పిల్లను కూర్చోనివ్వమని డాక్టరమ్మ పైవాళ్ళకు ఉత్తరం రాసింది. కుదరదని జవాబొచ్చింది. ఇంకో ఆరు నెలలు హాస్టలులో ఉంచి చూద్దామని డాక్టరమ్మ అంటే, అన్న ఒప్పుకోలేదు. చెప్పిన మాట చెప్పిందే అని కబురు పంపాడు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు ఆమెను సేత్తూరు బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. రేకుపెట్టె ఒక చెవి ఆమె పట్టుకుంది, ఇంకో చెవి నేను. పెట్టెలో బరువేమీ లేదు. బస్సు రావడానికి ఇంకా వేళ ఉంది. వేరుశనక్కాయలు కొన్నాను, ఇద్దరం తినలేదు. అడగకూడదనుకుంటూనే అడిగాను, నా మీద కోపమా అక్కా అని.

ఆమె తొందరపడలేదు. ఎదురుగా కూలివాళ్ళు పత్తి బేళ్ళు దించుతుంటే అటే చూస్తూ చెప్పింది.

"కోపం లేదు. పెద్దమ్మని నువ్వు మార్చేస్తావని నేను అనుకోలేదు. ఆవిడ నాకు కట్టలేదని చూసినావు గదా. నీ చేతిది ఆడనే విప్పి ఆ పళ్ళెంలో ఒక్క నిముషం పెట్టుంటే చాలును నాకు. ఆ తర్వాత మళ్ళీ కట్టుకున్నా సరే."

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి చాపి నా చెవి పక్కన జారిన పాయను వెనక్కి దోపింది. జాగ్రత్తగా రాయి అంది. అంతే.

నేను జాగ్రత్తగానే రాశాను. పాసయ్యాను. మా వైపే ఒక పల్లెలో నన్ను వేశారు. మొదటిసారి సెలవు దొరకగానే సేత్తూరు వెళ్ళాను. అన్న ఇంట్లో వదిన ఒక్కతే ఉంది. గడప దాటి రమ్మనలేదు. మదురై దగ్గర ఏదో మిల్లులో పనికి పోయింది, ఎక్కడో మాకు తెలియదు అంది. మరుసటేడు మళ్ళీ వెళ్ళాను. అదే జవాబు. ఉత్తరం రాయడానికి అడ్రసు లేదు. ఉన్నా, అర్జీలన్నీ ఆమె చేత రాయించినదాన్ని, ఆమెకు నేనేమని రాయగలను?

ఆమె లేని లోటు నాకు పనిలో తెలిసేది. ఒక్కోసారి కడుపు మీద చెయ్యి పెట్టి, బిడ్డ ఎటు తిరిగి ఉందో తేల్చుకోలేక, అక్క ఉంటే చెప్పేసేది అనుకునేదాన్ని. ఆదివారం తల దువ్వుకుంటే చిక్కులు లాగి పీకి సగం జుట్టు దువ్వెనలోనే వచ్చేది. మదురై బస్సు ఎక్కినప్పుడల్లా తెల్లచీర కట్టినవాళ్ళ ముఖాల్లో ఆమెను వెతికేదాన్ని. పెళ్ళయి ఇద్దరు పిల్లల తల్లినయ్యాక కూడా వెతికాను. నా మొదటి కాన్పులో నొప్పులు పడుతూ ఆమెనే తలుచుకున్నాను. ఆ చేతులే నా బిడ్డను పట్టి ఉంటే ఎంత బాగుండేదో.

నేను పాసయిన నాలుగైదేళ్ళ తర్వాత ఆస్పత్రిలో నేర్చుకునే పిల్లలను నా దగ్గరికి కూడా పంపడం మొదలుపెట్టారు. కేసు పుస్తకంలో సంతకం పెట్టే సిస్టరును ఇప్పుడు నేనే. ఒకసారి వచ్చిన పిల్లకు బొట్టు లేదు. సత్రపట్టి పిల్ల, ఇరవై నిండలేదు. అడగకుండానే అర్థమైంది. ఆ రోజు పొద్దున మాకు కబురొచ్చిన ఇల్లు బాగా ఉన్నవాళ్ళది, తెలుగువాళ్ళదే. కోడలికి మొదటి కాన్పు. గడప దగ్గర అత్తగారు మమ్మల్ని ఆపి, మీరు రాండి, ఆ పిల్ల బయట ఉండనీ అంది.

నేను సంచి అరుగు మీద పెట్టి కూర్చున్నాను. ఈ పిల్ల రాకపోతే నేనూ రాను అన్నాను. నోరు గట్టిగానే మాట్లాడింది. లోపల కోడలు మూలుగుతోంది. నొప్పులు ఇంకా దూరం దూరంగానే వస్తున్నాయి, వేళ ఉంది అని చెవులు రిక్కించి లెక్కపెట్టుకుంటున్నాను. నేను చేసేది తప్పా అని భయం. ఆ పిల్ల నా కంటే భయపడి, నేను బయటే ఉంటానమ్మా, మీరు పోండి అంది. ఈసారి ఆ మాట నేను వినలేదు. కూర్చోమన్నాను. పంచలో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అత్తగారు లోపలికి పోయింది, బయటికి వచ్చింది, ఎవరితోనో గుసగుసలాడింది. అన్నం కుండ పొంగి మూత కదిలేసరికి, సరి, ఇద్దరూ రాండి అంది.

ఆ బిడ్డను ఆ పిల్ల చేతే పట్టించాను. మగబిడ్డ. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అత్తగారు కలకండ తెచ్చి ముందు ఆ పిల్ల చేతిలోనే పెట్టింది. అరుగు మీదికి వచ్చి ఆ పిల్ల కేసు పుస్తకం తెరిచి ఇచ్చింది. సంతకం పెడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు గదమ్మా, ఎందుకు ఏడస్తా ఉండారు అని అడిగింది.

సంతకం పూర్తి చేసి పుస్తకం ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఇంతేనా, ఇంత సులువా అని ఏడ్చాను. అన్నం కుండ పొంగేంతసేపు పట్టింది. అక్క కోసం నేను అంతసేపు కూర్చోలేదు.